పాత కారుకి ఏ కార్బరేటర్? కోరాపుట్ కొండల్లో, గంజాం తీరంలో బండి నడిపేవారికి

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పెట్రోల్ జీపు ఇప్పటికీ జాగ్రత్తగా ఉంచుకున్న తెలుగువాళ్లు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్‌లలో ఉన్నారు. బండి మిస్ కొట్టడం మొదలవగానే అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే. గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బరేటర్ ఉన్నదాన్నే బాగు చేయించుకోవాలా, వేరేది వేయించాలా? ఒక మెకానిక్ సోలెక్స్ చాలంటాడు. ఇంకొకాయన ఎస్‌యూని మించింది లేదంటాడు. ఇంట్లో కుర్రాడు వెబర్ వేద్దామంటాడు. మారుతీ 800 కారుది బిగిస్తే మైలేజీ పెరుగుతుందని పక్కింటాయన చెబుతాడు. ఇవన్నీ కార్బరేటర్ల పేర్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో ఎక్కువమందికి సరిపోయేది బండితో పాటు వచ్చిన కార్బరేటరే, కాకపోతే దాన్ని సరిగ్గా బాగు చేయించాలి. మిగిలినవాళ్లకు ఏది సరిపోతుందో, ఏది డబ్బు దండగో కింద వివరంగా రాశాను.

కొనేముందు ఒక పూట తనిఖీ

కార్బరేటర్ మీద పడే నిందల్లో చాలావరకు దానివి కావు. పాయింట్ల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగు, ట్యాపెట్ల గ్యాప్, ప్లగ్గులు, కంప్రెషన్ ఈ వరసలో చూపించండి. తర్వాత ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర గాలి లీకవుతోందేమో చూడాలి. చివరగా థ్రాటిల్ స్పిండిల్‌ని, అంటే ఎక్సలేటర్ తొక్కితే కార్బరేటర్‌లో తిరిగే ఇరుసుని, వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి. లొడలొడలాడితే అక్కడినుంచి అదనపు గాలి లోపలికి వెళ్తోందని అర్థం. అప్పుడు ఎంత స్క్రూ తిప్పినా ఐడిలింగ్ (ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం) నిలబడదు. అందుకు కొత్త కార్బరేటర్ అక్కర్లేదు. లేత్ మీద బాడీ బోరు చేసి కంచు బుష్షు వేయిస్తే చాలు. బరంపురంలోనూ రాయగడలోనూ ఆ పని చేయగల లేత్ వర్క్‌షాపులు ఉన్నాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బండి దారికి రాకపోతే అప్పుడు చదవాల్సింది మిగతా భాగం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది ఇంజిన్ పీల్చే గాలి. లెక్క సులువే. సీసీని ఆర్‌పీఎంతో గుణించి రెండుతో భాగించాలి, ఎందుకంటే నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది. వచ్చినదానిలో 80 శాతం తీసుకుంటే పాత ఇంజిన్లకు దగ్గరగా ఉంటుంది. పద్మిని 1,089 సీసీ, 4,800 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 2,090 లీటర్లు. అంబాసిడర్ 1,489 సీసీ, 4,400 దగ్గర సుమారు 2,620. జీపులో హరికేన్ ఇంజిన్ 2,199 సీసీ, 4,000 దగ్గర సుమారు 3,500. మారుతీ 800 అయితే 796 సీసీ, 5,500 దగ్గర సుమారు 1,750.

ఈ అంకెలు ఎందుకంటే, కార్బరేటర్ గొంతు, అంటే గాలి వెళ్లే దారి, ఇంజిన్‌కి తగ్గట్టు ఉండాలి. గొంతు పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి నెమ్మదిగా కదులుతుంది, పెట్రోల్ సన్నని తుంపరగా విడిపోదు, ఎక్సలేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఆగినట్టవుతుంది. చిన్నదైతే తక్కువ స్పీడులో బ్రహ్మాండంగా లాగి, పై స్పీడులో ఊపిరాడనట్టు బిగుసుకుపోతుంది. ఘాటు రోడ్డులో మూడో గేరులో ఎక్కాల్సినవాళ్లకు కాస్త చిన్న గొంతే మేలు.

రెండోది దారి. 26వ నంబర్ జాతీయ రహదారి మీద సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లేవారికి ఇది బాగా తెలిసిన సంగతే. సాలూరు 100 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, కోరాపుట్ సుమారు 870 మీటర్లు. ఆ ఎత్తుకి గాలి సాంద్రత తీరంతో పోలిస్తే దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఇంజిన్ బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం మాత్రం అందులో సగం, అంటే 4 శాతం దాకా చిక్కబడుతుంది. పెట్రోల్ పాలు పెరిగిన దీన్నే రిచ్ అంటారు. ఎస్‌యూ అయితే ఎత్తుకు తగ్గట్టు తనే సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఎస్‌యూ సర్దుకునేది ఇంజిన్ అడిగే గాలి పరిమాణానికి. గాలి పల్చబడితే అదీ సోలెక్స్ లాగే రిచ్ అవుతుంది.

మూడోది పెట్రోల్. ఈ ఎంపికలో ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నేను అనుకుంటాను. బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. కలపని పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. రెండూ కలిపిన ఈ20కి దాదాపు 13.5. అంటే పాత జెట్టుతో (పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) అదే బండి నడిపితే మిశ్రమం సుమారు 8 శాతం లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువై పల్చగా, ఉంటుంది. లీన్‌గా ఉన్న ఇంజిన్ వేడెక్కుతుంది, ఎక్సలేటర్ తొక్కితే దగ్గుతుంది, ఘాటులో ఎగ్జాస్ట్ వాల్వులను కాలుస్తుంది. పైగా 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం ఉన్న పెట్రోల్ కోసం తయారైన వాల్వు సీట్లకు ఆ రక్షణ ఎప్పుడో పోయింది. ఇక మిశ్రమం పల్చగా ఉంటే అవి ఇంకా త్వరగా అరుగుతాయి.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. కోరాపుట్‌లో ఎత్తు వల్ల 4 శాతం రిచ్, ఇథనాల్ వల్ల 8 శాతం లీన్. లీన్‌లో సగం కొట్టుకుపోతుంది. బరంపురంలో ఎత్తు లేదు కాబట్టి 8 శాతం మొత్తం మీద పడుతుంది. జయపురం సుమారు 650 మీటర్లు, మధ్యలో ఉంటుంది. అందుకే ఒకే కార్బరేటర్, ఒకే జెట్టు పెట్టుకున్న ఇద్దరు పద్మిని యజమానులు, ఒకరు సెమిలిగుడలో, ఒకరు బరంపురంలో, ఒకరి అనుభవం ఒకరికి పనికిరాక వాదించుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

సోలెక్స్, వెబర్ జెట్టు మీద అంకె మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. 125 అంటే 1.25 మి.మీ. రంధ్రం. పారే పెట్రోల్ రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 125 తీసి 130 వేస్తే సుమారు 8 శాతం పెరుగుతుంది. తీరంలో ఉన్నవాళ్లకు ఇది దాదాపు కచ్చితమైన మందు. కోరాపుట్‌లో ఉన్నవాళ్లకు 127.5 చాలు, ఒక్కోసారి పాతదే సరిపోతుంది. రెండు చోట్లా తిరిగే బండైతే తీరానికి సరిపెట్టండి. కొండ మీద కాస్త రిచ్‌గా నడిస్తే కొంత మైలేజీ పోతుంది, అంతే. ఘాటు ఎక్కుతూ లీన్‌గా నడిస్తే ఇంజినే దెబ్బతింటుంది.

ఇథనాల్ ఇంకో పని కూడా చేస్తుంది. పాత రబ్బరు పైపులను, డయాఫ్రమ్‌లను, పెట్రోల్ రాకను ఆపే ఫ్లోటు నీడిల్ కొసను ఉబ్బించి పగలగొడుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో నెలల తరబడి కదలని బండిలో నీరు అడుగుకు చేరి, జింకు మిశ్రమంతో పోత పోసిన కార్బరేటర్ బాడీ లోపల తెల్లటి పొడిలా తుప్పు కడుతుంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి బయటినుంచి అదే పని చేస్తుంది. కాబట్టి ఏ కార్బరేటర్ తీసుకున్నా రిపేరు కిట్టు ఇథనాల్‌కి తట్టుకునేదేనా అని అడిగి మరీ కొనండి. విటాన్ (ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు) కొస ఉన్న నీడిల్ దొరికితే వదలొద్దు.

నాలుగోది దగ్గర్లో ఎవరు ట్యూన్ చేయగలరు, సామాను ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. బరంపురం హౌరా-చెన్నై లైను మీద ఉంది కాబట్టి కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచీ, చెన్నై పుదుపేట నుంచీ సామాను తెప్పించుకోవడం తేలిక. కోరాపుట్, జయపురం, రాయగడ వాళ్లు విశాఖ, విజయవాడ ఆటోనగర్ వైపు చూస్తారు. ఎంత మంచి కార్బరేటర్ అయినా దాని ప్యాకింగ్ కోసం వారం రోజులు బండి ఆగిపోయేట్టయితే రోజువారీ బండికి అది పనికిరాదు.

అయిదోది కాగితాలు. 15 ఏళ్లు దాటిన సొంత కారు ఆర్‌సీని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. 2000 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. 50 ఏళ్లు దాటిన బండిని 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన కింద నమోదు చేయించాలనుకుంటే చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలన్నది షరతు. ఆ ఆలోచన ఉన్నవాళ్లు కార్బరేటర్ మార్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. మార్చినా పాతదాన్ని అమ్మేయకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచుకోవాలి.

ఒక్కచోట పోలిక

| కార్బరేటర్ | ఏ ఇంజిన్‌కి | ఘాటులో | ఈ20కి సర్దుబాటు | మనవైపు మెకానిక్‌లు, సామాను | నా మాట |
|---|---|---|---|---|---|
| సోలెక్స్ 32 | పద్మిని, అంబాసిడర్ | బాగుంటుంది | మెయిన్ జెట్టు మార్చాలి | ఎక్కువ | రోజువారీ బండికి మొదటి ఎంపిక |
| ఎస్‌యూ హెచ్‌ఎస్2 | అంబాసిడర్ | చాలా బాగుంటుంది | నట్టు తిప్పితే చాలావరకు సరి | తెలిసినవాళ్లు తక్కువ | ఓపిక ఉన్నవారికి |
| వెబర్ 32/36 | అంబాసిడర్, జీపు | పెద్ద ఇంజిన్‌తో బాగుంటుంది | జెట్లన్నీ చూడాలి | తెప్పించుకోవాలి | ఇంజిన్ పని చేయించినవారికి |
| మారుతీ 800ది | పద్మిని | పర్వాలేదు | జెట్లు పెంచాలి | చాలా ఎక్కువ | తాత్కాలికంగా |
| వెబర్ డీసీఓఈ | రేసింగ్ ఇంజిన్లు | బాగుండదు | కష్టం | లేరు | వద్దు |
| కార్టర్ వైఎఫ్ | జీపు హరికేన్ | బాగుంటుంది | జెట్టు, రాడ్ చూడాలి | తక్కువ | బాడీ బాగుంటే ఉంచండి |

సోలెక్స్

పద్మినికి కంపెనీ నుంచి వచ్చింది సోలెక్స్ ఎం 32 పీబీఐసీ. 32 అంటే థ్రాటిల్ దగ్గర బోరు మిల్లీమీటర్లలో. పైనుంచి కిందికి గాలి దిగే డౌన్‌డ్రాఫ్ట్ రకం. అంబాసిడర్ల మీద కూడా సోలెక్స్ తరచుగా కనిపిస్తుంది.

దీనిలో కదిలే భాగాలు తక్కువ. మెయిన్ జెట్టు, ఎయిర్ కరెక్షన్ జెట్టు, పైలట్ జెట్టు, ఎక్సలేటర్ పంపు డయాఫ్రమ్, స్టార్టర్. చాలామంది చోక్ అని పిలిచేది ఇందులో గొంతుకు అడ్డం పడే రేకు కాదు. పక్కన విడిగా ఉండే చిన్న స్టార్టర్, బిళ్ల తిరిగితే దాని దారి తెరుచుకుంటుంది. ఆ బిళ్ల అరిగిపోతే కేబుల్ వదిలేసినా దారి పూర్తిగా మూసుకోదు, బండి ఎప్పుడూ రిచ్‌గానే నడుస్తుంది. ప్లగ్గులు నల్లబడుతున్నాయి, జెట్లన్నీ మార్చినా మైలేజీ రావడం లేదు అనేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. చాలామంది మెకానిక్‌లు ఈ బిళ్లను విప్పనే విప్పరు.

రెండో బలహీనత పైలట్ జెట్టు. రంధ్రం చాలా సన్నం, ట్యాంకులో తుప్పు రేణువు ఒక్కటి చాలు మూసుకుపోవడానికి. ఐడిలింగ్‌లో ఆగిపోయి, ఎక్సలేటర్ తొక్కి పట్టుకుంటే నడుస్తుంటే అనుమానం దీనిమీదే. ఈ జెట్టు బయటినుంచే విప్పవచ్చు, గాలి కొట్టి బిగిస్తే అయిదు నిమిషాల పని. పిన్నీసుతో, తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైపోతే ఇక ఆ జెట్టు పనికిరాదు. ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఒక ఫిల్టరు పెట్టించండి.

మూడోది, పైమూతా, ఇంజిన్‌కి బిగించే అడుగు అంచు అయిన ఫ్లాంజీ వంకర తిరగడం. గాలి లీకవుతోందని నట్లు మరీ బిగించడం వల్ల వచ్చే సమస్య ఇది. చదునైన గాజు మీద సన్న వాటర్ పేపర్ పరచి, ఫ్లాంజీని నెమ్మదిగా రుద్ది చదును చేయవచ్చు. ఓపికగా చేస్తే పాత సోలెక్స్‌లు మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. చూడడానికి నాకు చాలా తృప్తినిచ్చే పని అది.

సోలెక్స్ లోటు ఏమిటంటే గొంతు కొలత స్థిరం. అన్ని స్పీడులకూ ఒకే వెంచురి (గొంతులో సన్నబడే భాగం) కాబట్టి ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సిందే. కానీ 1,089 సీసీ ఇంజిన్ తిరిగే స్పీడుల్లో ఆ రాజీ డ్రైవరుకు పెద్దగా తెలియదు.

ఎస్‌యూ

స్కిన్నర్ సోదరులు ఇంగ్లండ్‌లో 1905 ప్రాంతంలో రూపొందించిన కార్బరేటర్ ఇది. దీని ఊహ చాలా అందమైనది. గొంతులో ఒక పిస్టన్ ఉంటుంది, ఇంజిన్ ఎంత గాలి అడిగితే అది అంత పైకి లేస్తుంది. దాని కింద కొస సన్నగా చెక్కిన నీడిల్ జెట్టులో దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ నీడిల్ సన్నటి భాగం జెట్టులోకి వచ్చి ఎక్కువ పెట్రోల్ పారుతుంది. అంటే గొంతే ఇంజిన్‌కి తగ్గట్టు చిన్నదీ పెద్దదీ అవుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో కూడా గాలి వేగం తగ్గదు. సుంకి ఘాటులో లారీ వెనక రెండో గేరులో పాకుతూ, సందు దొరకగానే తొక్కితే తడబడకుండా లాగే గుణం అక్కడినుంచే వస్తుంది.

సైజు పేరులోనే ఉంది. హెచ్‌ఎస్2 అంటే ఒక అంగుళం మీద ఎనిమిదింట రెండు వంతులు, అంటే ఒకటింబావు అంగుళం. హెచ్‌ఎస్4 అంటే ఒకటిన్నర. మామూలు అంబాసిడర్‌కు హెచ్‌ఎస్2 సరిపోతుంది. పెద్దదైతే పికప్ వస్తుందని హెచ్‌ఎస్4 కోసం వెతకడం మామూలు ఇంజిన్‌కి అనవసరం.

మిశ్రమం సర్దడం దీనిలో చాలా సులువు, అదే దీని ప్రాణం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు కంటే తక్కువ లేపండి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే రిచ్. ఇంజిన్ చచ్చిపోబోతే లీన్. కొంచెం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. జెట్టు కిందున్న నట్టును కిందికి తిప్పితే రిచ్, పైకి తిప్పితే లీన్. ఒకసారికి ఒక్క ముఖం మాత్రమే తిప్పి మళ్లీ పిన్ను లేపి చూడాలి. ఈ20 వచ్చాక ఈ నట్టు ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. సోలెక్స్‌లో జెట్టు కొనుక్కోవాల్సిన చోట ఇక్కడ స్పానరు చాలు. కోరాపుట్‌లో ఉండి తరచూ విజయనగరం దిగేవాళ్లు కావాలంటే రెండు చోట్లా సరిచూసుకోవచ్చు.

కష్టాలు కూడా ఉన్నాయి. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపే డ్యాంపర్‌లో నూనె నెలకోసారి చూడాలి, 20 గ్రేడు ఆయిలు పోయాలి. నూనె లేకపోతే తొక్కగానే పిస్టన్ ఎగిరిపోయి మిశ్రమం లీన్ అయి తడబడుతుంది. మరీ చిక్కటి నూనె పోస్తే పిస్టన్ ఆలస్యంగా లేచి నల్ల పొగ వస్తుంది. పిస్టన్‌ని ఎత్తి వదిలితే టక్కుమని చప్పుడుతో పడాలి. పడకపోతే పెట్రోల్‌తో కడగాలి. ఎమరీ కాగితం మాత్రం తాకించకూడదు. పిస్టనూ దానిపై గోపురం లాంటి మూతా ఒకదానికొకటి జతగా తయారైనవి, వేరేదానితో కలపకూడదు. చోక్ లాగితే హెచ్‌ఎస్ రకంలో జెట్టే కిందికి దిగుతుంది, వదిలాక ఒక్కోసారి పైకి రాకుండా ఇరుక్కుంటుంది. పెట్రోల్ నిలిచి ఉండే ఫ్లోటు చాంబరు నుంచి జెట్టుకు పోయే సన్నని నైలాన్ ట్యూబు పాతబడితే పగులుతుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కనే పెట్రోల్ కారడం ప్రమాదం, అది ఏమాత్రం చెమ్మగా కనిపించినా మార్చేయాలి.

అంబాసిడర్ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కాబట్టి పక్కకు కూర్చునే ఎస్‌యూ కింద నుంచి వేడి తగులుతుంది. రాయగడ, గుణుపురం మే నెల ఎండల్లో బండి ఆపి టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ కాదంటే కారణం ఇదే. కార్బరేటర్‌లో పెట్రోల్ మరిగిపోయి ఉంటుంది. బేకలైట్ స్పేసరూ హీట్ షీల్డూ తప్పనిసరి. మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు ఉన్న మనవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను.

జత ఎస్‌యూల గురించి అడిగేవాళ్లు ఉంటారు. అంబాసిడర్‌లోని 1,489 సీసీ ఇంజిన్‌నే ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులో రెండు ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూలతో వాడారు, 72 హార్స్‌పవర్ దాకా తీశారు. వినడానికి ఊరిస్తుంది. కానీ ఆ బలం ఒక్క కార్బరేటర్ల వల్ల రాలేదు. క్యామ్, కంప్రెషన్, ఎగ్జాస్ట్ అన్నీ దానికి తగ్గట్టు ఉన్నాయి. పాత టాక్సీ ఇంజిన్ మీద జత ఎస్‌యూలు బిగిస్తే రెండింటినీ సమంగా ఉంచడమే పెద్ద టెన్షన్ అవుతుంది.

వెబర్ 32/36

ఎడోర్డో వెబర్ 1923లో ఇటలీలోని బొలోన్యాలో మొదలుపెట్టిన సంస్థ పేరు ఇది. 32/36 డీజీవీలో రెండు గొంతులు ఉంటాయి. మొదట 32 మి.మీ. గొంతు ఒక్కటే తెరుచుకుంటుంది. ఎక్సలేటర్ బాగా తొక్కితేనే 36 మి.మీ.ది తోడవుతుంది. లోపలి వెంచురీలు 26, 27 మి.మీ. నెమ్మదిగా నడిపితే చిన్న కార్బరేటర్‌లా, తొక్కితే పెద్దదానిలా ప్రవర్తిస్తుంది.

ఇంజిన్ రీబోర్ చేయించి, హెడ్ పని చేయించి, హైవే మీద భువనేశ్వర్, విశాఖ దాకా వెళ్లే అంబాసిడర్ యజమానికి ఇది నిజంగా మంచి ఎంపిక. కానీ మ్యానిఫోల్డ్ లేదా అడాప్టరు కావాలి, బానెట్ కింద ఎత్తు సరిపోవాలి, ఎక్సలేటర్ లింకేజీ మార్చాలి. డబ్బాలోంచి తీసి బిగిస్తే చాలామంది నిరుత్సాహపడేది జెట్ల దగ్గర. ఈ కార్బరేటర్ ఎక్కువగా ఫోర్డ్ ఇంజిన్ల మీద పనిచేసింది, లోపలి జెట్లు వాటికి సరిపెట్టినవి. మెయిన్, ఐడిల్, ఎయిర్ కరెక్టర్ మూడూ మీ ఇంజిన్‌కి తగ్గట్టు వెతుక్కోవాలి. జెట్ల సెట్టు కూడా కొనగలిగితేనే ఈ దారి పట్టండి. పెట్రోల్ పంపు ఒత్తిడి మూడున్నర పీఎస్ఐ దాటితే ఫ్లోటు నీడిల్ ఆపలేదు, పొంగుతుంది. ఎలక్ట్రిక్ పంపు పెట్టుకున్నవాళ్లు రెగ్యులేటరు వేయించండి.

నకళ్లు చాలా తిరుగుతున్నాయి. పోత గరుకుగా ఉండడం, స్పిండిల్ కొత్తదైనా లొడలొడలాడడం, జెట్ల మీద అంకెలు వంకరగా ఉండడం కనిపిస్తే డబ్బు వెనక్కి తీసుకోండి.

పద్మినికి ఇది వద్దు. 1,089 సీసీకి రెండో గొంతుతో పనే పడదు.

వెబర్ డీసీఓఈ

ఫొటోల్లో అందంగా ఉంటుంది. అంబాసిడర్ హెడ్‌లో ఒకటీ రెండూ సిలిండర్లకు కలిపి ఒక ఇన్‌టేక్ రంధ్రం, మూడూ నాలుగుకు కలిపి ఇంకొకటి. సిలిండర్‌కో గొంతు అన్న డీసీఓఈ జత లాభం అక్కడే పోతుంది. పైగా డిస్ట్రిబ్యూటర్‌కి వ్యాక్యూమ్ అడ్వాన్సు (ఇగ్నిషన్ టైమింగుని ముందుకు జరిపేది) ఇచ్చే దారి ఉండదు, మైలేజీ పడిపోతుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఇక్కడితో వదిలేయండి.

మారుతీ 800 కార్బరేటర్

మనవైపు చాలాచోట్ల వినిపించే సలహా ఇది. అడాప్టరు ప్లేటు చేయించి పద్మిని మీద బిగిస్తారు. గాలి లెక్క చూస్తే మరీ తప్పేం కాదు. 1,750 లీటర్ల ఇంజిన్ కోసం చేసినది 2,090 లీటర్ల ఇంజిన్ మీద పెడుతున్నారు. సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది, విప్పడం తెలియని మెకానిక్ ఉండడు. తొక్కుతూ నడిపేవాళ్లకు పై స్పీడులో లోటు తెలుస్తుంది, నెమ్మదిగా ఊళ్లో తిప్పేవాళ్లకు తెలియదు.

మైలేజీ పెరిగిందని చెప్పేవాళ్లలో కొందరి బండ్లు లీన్‌గా నడుస్తున్నాయి, అసలు రహస్యం అదే. చిన్న ఇంజిన్ జెట్లతో, ఈ20 పెట్రోల్‌తో, పెద్ద ఇంజిన్. ప్లగ్గు విప్పితే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటుంది. జెట్లు పెంచకుండా ఘాటు ఎక్కించవద్దు. అడాప్టరు ప్లేటు చదునుగా, గొంతు అంచు మెట్టు లేకుండా ఉండాలి. వ్యాక్యూమ్ పైపుల కొనలన్నీ మూయాలి. అసలు సోలెక్స్ లేత్‌కి వెళ్లిన రోజుల్లో బండి ఆగకుండా ఉండడానికి ఇది మంచిదే. శాశ్వతంగా వేయించాలని నేను చెప్పను. జీపుకి, అంబాసిడర్‌కి అసలు సరిపోదు.

జీపు ఉన్నవాళ్లకు

కోరాపుట్, రాయగడ కొండదారుల్లో తిరిగిన జీపులు చాలావరకు ఎప్పుడో డీజిల్‌కు మారిపోయాయి. పెట్రోల్ హరికేన్ ఇంజిన్ ఇంకా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఆ ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. కార్బరేటర్ నేరుగా హెడ్ మీదే కూర్చుంటుంది. అసలుది కార్టర్ వైఎఫ్, ఒకే గొంతుది. బాడీ పగలకుండా ఉంటే కిట్టు తెప్పించి దాన్నే ఉంచండి, కొండ ఎక్కుతూ తక్కువ ఆర్‌పీఎంలో లాగడానికి అంతకంటే సరిపోయేది దొరకడం కష్టం. బాడీ పోయినవాళ్లు జీపుకి సరిపోయే సైజు సోలెక్స్ వేస్తారు, అదీ పనిచేస్తుంది.

వేరే కార్బరేటర్ ఏది వేసినా ఫ్లోటు చాంబరు ఎటు ఉందో చూసుకోండి. చాంబరు ముందువైపు ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు జెట్టు దగ్గర పెట్రోల్ మట్టం పెరిగి కాస్త రిచ్ అవుతుంది. వెనకవైపు ఉంటే మట్టం తగ్గి లీన్ అవుతుంది, సరిగ్గా బలం కావాల్సిన చోట ఇంజిన్ తడబడుతుంది. ఘాటు బండికి చాంబరు ముందువైపే ఉండాలి.

మీ పరిస్థితికి ఏది

రోజూ ఆఫీసుకో కొట్టుకో పద్మిని తీసుకెళ్లేవారు బరంపురంలో ఉంటే సోలెక్స్‌కి బుష్షు, కొత్త కిట్టు, ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు. అంతకుమించి ఒక్క రూపాయి పెట్టకండి. అంబాసిడర్‌తో వారానికోసారి ఘాటు ఎక్కి దిగేవారు, స్పానరు పట్టుకోవడం ఇష్టం ఉన్నవారు అయితే ఎస్‌యూ. స్పానరు పట్టని వాళ్లయితే అదే అంబాసిడర్‌కి సోలెక్సే నయం, ఎందుకంటే ఎస్‌యూ నూనె మరిచిపోయిన యజమాని చేతిలో త్వరగా పాడవుతుంది. నాన్నగారి కారు, తాతగారి కారు అని దాచుకున్నవారు, వింటేజ్ నంబరు తీసుకోవాలనుకునేవారు కంపెనీతో వచ్చినదే ఉంచాలి, ఎంత ఖర్చయినా.

పండగలకూ పెళ్లిళ్లకూ మాత్రమే బయటికి తీసే బండి ఉన్నవారికి ఏ కార్బరేటర్ అన్నదానికంటే అందులో పెట్రోల్ నిలవ ఉంచకపోవడం ముఖ్యం. మూడు వారాలకు మించి ఆపేట్టయితే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు విప్పి, దాని కొన మూసి, చాంబరులో ఉన్నది ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి.

బిగించిన మొదటి రోజు

ఏది వేసినా టైమింగు ముందు, మిశ్రమం తర్వాత. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే స్క్రూ ముట్టుకోండి, చోక్ పూర్తిగా వదిలేసి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. తర్వాత పొల్యూషన్ సెంటరుకు తీసుకెళ్లి, సర్టిఫికెట్ ప్రింటు తీసేముందు కార్బన్ మోనాక్సైడ్ అంకె ఎంత వచ్చిందో అడగండి. పాత ఇంజిన్లకు రెండు నుంచి మూడు శాతం మధ్య ఉంటే హాయిగా నడుస్తాయి. ఒకటి కంటే తక్కువ చూపిస్తే సంతోషించకండి, లీన్‌గా ఉంది. అక్కడే మిశ్రమం స్క్రూని రిచ్ వైపు పావు చుట్టు తిప్పి మళ్లీ చూపించమనండి. చెవితో, ముక్కుతో చేసే ట్యూనింగు కంటే ఆ మీటరు నిజం చెబుతుంది. వారం నడిపాక నాలుగు ప్లగ్గులూ విప్పి చూసి, ఏ ఒక్కటి తెల్లగా ఉన్నా ముందు ఆ సిలిండర్ వైపు మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ చూపించండి, జెట్టు జోలికి తర్వాత వెళ్లవచ్చు.